మూరెడు చూపు

జులై. బయట నలభై ఆరు.
పైపు తిప్పితే నీళ్లు చాయకు పనికొచ్చేటట్టున్నయ్.
హత్తా డ్యాం కట్టమీద రేకు నీడల కూసోని
జెర్విన్ నా వీపుకు సిలిండర్ బిగిస్తడు.
"రెండు కిలోల సీసం తీసెయ్ ఓదేల్,
ఇది సముద్రం కాదు" అంటడు.
నిజమే. ఉప్పునీళ్లు మనిషిని పైకి నెడ్తయ్.
మంచినీళ్లు అడ్డు చెప్పవు,
వస్తనంటే రమ్మంటయ్, గంతే.

మొదటి నిలువు: ముప్పై ఒకటి.
గోరువెచ్చన. గోరుకే కాదు, మెడకు, చెవుల వెనకకు,
పసిపిల్లకు తోడిన నీళ్లోలె.
పచ్చటి చూపు, రెండు మీటర్లు.
నెత్తిమీద టూరిస్టుల కయాక్‌లు
అరటిదొప్పల లెక్క పోతున్నయ్,
వాటి నీడలు నా చేతుల మీదికెల్లి దాటినయ్.

రెండు, మూడు, నాలుగు నిలువులు.
చేతిగడియారం ఇంకా ఇరవై తొమ్మిది అంటది.
ఐదో నిలువు కాడ
నీళ్లల్ల ఒక గడప ఉన్నది.
ఎవరు కట్టలే. దాటితేనే ఎరుక.
అక్కడ నీళ్లు నూనె కలిసినట్టు వణుకుతయ్,
పాదాలకు పుష్యమాసం,
నెత్తికి ఇంకా రోహిణి కార్తె.
ఇరవై మూడు.
ఈ దేశంల పదకొండేండ్ల సంది
నాకు చలి పెట్టింది ఈ గడప కిందనే.
ఏసీది లెక్కకు రాదు, అది కిరాయి చలి.

అడుగున ఇనుప జాలి, పద్నాలుగు మీటర్లు.
చెత్త అడ్డం పడ్డదా చూడాలె.
'చూడాలె' అన్నది కాయిదం మీది మాట.
ఫిన్ కొస ఒండ్రును తాకిందో లేదో
పొయ్యిల బూడిద ఊదినట్టు లేచింది.
మూర. జాన. బెత్తెడు.
టార్చి ఏస్తే ఇంకా అధ్వాన్నం,
నా వెలుతురే గోడై నాకు ఎదురొచ్చింది.
ఆర్పేసిన.
మంథని దిక్కు బావులల్ల పూడిక తీసినోన్ని,
ఒండ్రు సంగతి నాకు తెల్వదా?
కదలొద్దు. అది అలిసేదాక కదలొద్దు.
అలవలే.

తాడు ఒక్కసారి గుంజుతడు జెర్విన్: బాగున్నవా?
ఒక్కసారి గుంజిన: బాగున్న.
మా ఇద్దరికి తప్పుల్లేకుండ వచ్చిన
ఒకే ఒక్క భాష, ఆ నైలాను తాడు.

ఇగ వేళ్లతోని మొదలువెట్టిన.
ఒకటో కమ్మి, రెండో కమ్మి, నాచు,
తొమ్మిదో కమ్మికి ప్లాస్టిక్ సీసా,
పన్నెండో కమ్మికి సన్నటి తీగె,
ఒక వంపు, ఇంకో వంపు,
నడుమ ముక్కు మీద ఆనే తావు.
కండ్లద్దాలు!
నవ్వొచ్చింది. ఆపుకున్న.
నీళ్ల కింద నవ్వితే
బుగ్గ ముడత పక్కకెల్లి మాస్కులకు నీళ్లు చొస్తయ్.

ఒడ్డు మీద ఖల్ఫాన్ ఫారం పట్టుకోని నిలవడ్డడు.
నీళ్ల వేడి: అడుగున ఇరవై ఒకటి. రాసుకున్నడు.
చూపు: ఎన్ని మీటర్లు?
సున్నా, అన్న.
"సున్నా రాస్తే రేపు మళ్ల దిగమంటరు,
జాలి చూసినట్టు కాదు."
చూడలే, తడిమిన, అన్న.
తడిమినదానికి ఫారంల గడి లేదు.
కొద్దిసేపు గడ్డం గోక్కోని
అర మీటరు అని ఆయనే ఏసుకున్నడు,
కింద నేను సంతకం వెట్టిన.
అర మీటరంటే ఎంత, మూరెడు.
మూరెడు అబద్ధం.

అద్దాలు కడుగుదామని పైపు తిప్పితే
వేలు కాలింది.
జెర్విన్ పెట్టుకోని చూసి, కడుపుల తిప్పుతుందన్నడు.
నేను పెట్టుకున్న.
హజర్ కొండల అంచులన్ని కరిగి
ఒండ్రు లెక్క లేచినయ్.
ఇవి పోయిన మనిషి ఆ పొద్దు
బండి దాక ఎట్ల నడిచిండో,
ఎవరి భుజం పట్టుకున్నడో.

దొరికిన సామాన్ల డబ్బాల ఏసి
పైన చీటీ అంటించిన:
పన్నెండో కమ్మి. పద్నాలుగు మీటర్లు. ఇరవై ఒకటి.